బెంచ్ మీద 88 రోజులు

బాస్కెట్‌బాల్‌ని నేను మొదటిసారి చేత్తో పట్టుకున్నది ఇరవై మూడేళ్ళ వయసులో, టెక్సాస్‌లో. అప్పటిదాకా మాకు బంతి అంటే వాలీబాలే.

మాది దర్శి దగ్గర పల్లె. నాగార్జునసాగర్ కుడి కాలువ మీద, దర్శి బ్రాంచి చివరి భూములు మావి. నీళ్ళు వస్తే వరి, రాకపోతే కంది, మిరప. చివరి భూముల వాళ్ళకి ఎదురుచూడటం అనేది చిన్నప్పటి నుంచీ అలవాటవుతుంది. పైన వాళ్ళందరూ కట్టుకున్నాక మిగిలితే మన దగ్గరికొస్తాయి. ఆ ఎదురుచూసే సాయంత్రాల్లో ఊళ్ళో మగవాళ్ళందరూ బడి వెనకున్న ఖాళీ స్థలంలో రెండు వాసాలు పాతి, నెట్ కట్టి వాలీబాల్ ఆడేవాళ్ళు. నాయన షాట్ కొడితే అవతలి వాళ్ళు బంతిని ఆపడం మాట అటుంచి, మొహం పక్కకి తిప్పుకునేవాళ్ళు. నేనూ పొడుగే. కానీ నాకు షాట్ రాలేదు. ఎగిరేవాణ్ణి, చెయ్యి పైకి లేచేది, సరిగ్గా కొట్టే క్షణానికి ఎందుకో చెయ్యి మెత్తబడేది. బంతి నెట్‌కి తగిలి కిందికి జారిపోయేది.

"మెతకోడురా వీడు" అనేవాడు నాయన. తిట్టుగా కూడా కాదు, పశువుల సంతలో కోడెని చూసి చెప్పినట్టు.

సంక్రాంతి పోటీలకి నా పేరు ఎక్స్‌ట్రాల్లో రాసేవాళ్ళు. ఎక్స్‌ట్రా ప్లేయర్ అంటే గీత బయట కూర్చుని బంతి కాలవలో పడితే పరిగెత్తి తెచ్చేవాడు. ఎవడికన్నా కాలు బెణికితే లోపలికి పోవాలి. నా అదృష్టమో దురదృష్టమో, మా ఊళ్ళో ఎవరికీ కాళ్ళు బెణికేవి కావు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నలభై దాటాక మోకాళ్ళు బిగుసుకుపోవడమే తప్ప, ఆడే వయసులో మాత్రం అందరూ ఇనుపగుండ్ల లాగే ఉండేవాళ్ళు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2011లో డాలస్ పక్కన ఇర్వింగ్ అనే ఊళ్ళో, ఎనిమిదిమంది తెలుగు కుర్రాళ్ళు పడుకునే ఒక గెస్ట్ హౌస్‌లో, "బెంచ్" అనే మాట రోజుకి వందసార్లు వినాల్సొచ్చింది. ప్రతిసారీ నాకు ఆ గీత బయట కూర్చున్న పిల్లాడే గుర్తొచ్చేవాడు.

*

అమెరికా వెళ్ళిన తెలుగు వాళ్ళకి బెంచ్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ఎమ్మెస్ అయిపోయాక ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కోవాలి. దొరక్కపోతే ఏదో ఒక కన్సల్టెన్సీ చేర్చుకుంటుంది. వాళ్ళు మన రెజ్యూమేని పదిచోట్లకి పంపుతూ ఉంటారు. ప్రాజెక్ట్ వచ్చేదాకా మనం "బెంచ్ మీద" ఉన్నట్టు. జీతం ఉండదు. పరుపు ఉంటుంది, పప్పన్నం ఉంటుంది, లైసెన్స్ ఉన్నవాడి కారులో వెనక సీటు ఉంటుంది. దాంతోపాటు ఒక గడియారం ఉంటుంది. ఓపీటీ మొదలయ్యాక మొత్తం మీద 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉంటే వీసా హోదా పోతుంది.

నా గడియారం 2011 ఫిబ్రవరి 10న మొదలైంది. గోడమీద బాలాజీ క్యాలెండర్‌లో ఒక్కో రోజూ పెన్సిల్‌తో కొట్టేసేవాణ్ణి. ఊళ్ళో ఎకరన్నర తాకట్టు మీద బ్యాంకు లోను, అది చాలక రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన మూడు లక్షలు. ఫోన్ చేసినప్పుడల్లా నాయన ఒకటే అడిగేవాడు: "ఏమన్నా తెలిసిందా?" సాగర్ నీళ్ళు వదిలారా అని లస్కర్ని అడిగినట్టే ఉండేది ఆ గొంతు.

మా హాల్లో ఎవరో వదిలేసి వెళ్ళిన పెట్టె టీవీ ఉండేది. కేబుల్ లేదు, కిటికీకి తగిలించిన యాంటెన్నాకి వచ్చే నాలుగు ఛానళ్ళే. వాటిలో ఆదివారాలు బాస్కెట్‌బాల్ వచ్చేది. మాకు ఆట తెలీదు. కానీ ఊళ్ళో ప్రతి పెట్రోల్ బంకులో, ప్రతి కిరాణా కొట్టులో నీలం రంగు 41 నంబరు చొక్కాలు కనిపించేవి. ఆ చొక్కా మనిషి టీవీలో కనిపించిన మొదటి రోజు మా రూమ్మేట్, నరసరావుపేట కుర్రాడు, అన్నాడు: "వీడెవడ్రా, మన పీఈటీ సార్ లాగా ఒంటికాలి మీద నిలబడి విసుర్తున్నాడు!"

అలా పరిచయమయ్యాడు డిర్క్ నొవిట్స్కీ.

*

ఏడడుగుల మనిషి. జర్మనీలో వ్యుర్ట్స్‌బుర్గ్ అనే ఊళ్ళో 1978 జూన్ 19న పుట్టాడు. తండ్రి హ్యాండ్‌బాల్ ఆటగాడు, తల్లి జర్మనీ తరఫున బాస్కెట్‌బాల్ ఆడింది. ఈయన మొదట్లో హ్యాండ్‌బాల్, టెన్నిస్ ఆడాడు. పదహారేళ్ళ వయసులో హోల్గర్ గెష్విండ్నర్ అనే పెద్దాయన కంట్లో పడ్డాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ జట్టుకి ఆడిన మనిషి ఆయన. గణితం, భౌతికశాస్త్రం చదువుకున్నాడు. ఈ పిల్లాడి ఎత్తు, చేతి పొడవు కొలిచి, బంతిని ఏ కోణంలో వదిలితే రింగులో పడే అవకాశం ఎక్కువో లెక్కగట్టాడట. అడుగులకి లయ రావాలని ఒక జాజ్ సాక్సాఫోన్ వాద్యకారుణ్ణి ప్రాక్టీసుకి పిలిపించేవాడు. పుస్తకాలిచ్చి చదివించేవాడు. "జర్మనీలో మంచి ఆటగాడివి కావాలంటే నా దగ్గరికి రానక్కర్లేదు, అది ఎట్లాగూ అవుతావు, ప్రపంచంలో మంచివాళ్ళ సరసన నిలబడాలంటే రేపట్నుంచి రోజూ రావాలి" అన్న అర్థం వచ్చేలా చెప్పి ఆలోచించుకోమన్నాడట.

ఇవన్నీ నేను ఇర్వింగ్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని చదివాను. ఉద్యోగాల వెబ్‌సైట్లు చూడాల్సిన సమయంలో.

1998 మార్చిలో శాన్ ఆంటోనియోలో అమెరికా కుర్రాళ్ళకీ మిగతా ప్రపంచపు కుర్రాళ్ళకీ ఒక మ్యాచ్ పెట్టారు. అందులో 33 పాయింట్లు కొట్టాడు. ఆ జూన్‌లోనే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో తొమ్మిదో ఆటగాడిగా మిల్వాకీ తీసుకుంది, తీసుకున్న రోజే డాలస్‌కి ఇచ్చేసింది. బదులుగా మిల్వాకీ తెచ్చుకున్న ఆటగాడు రాబర్ట్ ట్రేలర్. అప్పట్లో చాలామంది మిల్వాకీకే లాభం అనుకున్నారు.

యూరప్ నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికాలో ఒక మాట అప్పటికే సిద్ధంగా ఉంది: సాఫ్ట్. ఒంటికి ఒళ్ళు తగిలితే తట్టుకోలేరు, దూరం నుంచి విసరడమే తప్ప లోపలికి దూరరు, అడ్డుకోవడం రాదు. డ్రాజెన్ పెట్రోవిచ్ లాంటి క్రొయేషియా ఆటగాడే 1989లో వచ్చి, పోర్ట్‌లాండ్‌లో బెంచ్ మీద మగ్గి, జట్టు మారాక గానీ తానేమిటో చూపించలేకపోయాడు. చూపించిన కొద్దికాలానికే, 1993 జూన్‌లో, ఇరవై ఎనిమిదేళ్ళకే జర్మనీలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. అంటే దారి వేసినవాళ్ళు ఉన్నారు. కానీ డిర్క్ వచ్చేసరికి కూడా ఆ మాట పోలేదు.

మొదటి సీజన్ నిజంగానే బాగా ఆడలేదు. యాజమాన్యాల లాకౌట్ వల్ల అది 50 మ్యాచ్‌ల కురచ సీజన్. సగటున మ్యాచ్‌కి 8.2 పాయింట్లు. అడ్డుకోవడం చేతకాదని ఎగతాళి. ఇంగ్లీషులో డిఫెన్స్‌కి మొదటి అక్షరం డి కదా, ఇతని దగ్గర ఆ 'డి' లేదు కాబట్టి పేరు డిర్క్ కాదు, ఉత్త 'ఇర్క్' అన్నారు. జర్మనీకి తిరిగి వెళ్ళిపోదామా అని కూడా అనుకున్నట్టు తర్వాత తనే చెప్పాడు.

లైబ్రరీలో అది చదివినప్పుడు పేజీ దగ్గర ఆగిపోయాను. సాఫ్ట్ అంటే మెతక. అంతకంటే సరైన తెలుగు మాట లేదు.

*

ఏప్రిల్ నెలాఖరుకి నా క్యాలెండర్‌లో ఎనభై గీతలు పడ్డాయి. మా గెస్ట్ హౌస్ నడిపే కన్సల్టెన్సీ అన్న ఒక సాయంత్రం బిర్యానీ తెచ్చి, తిన్నాక లాప్‌టాప్ తీశాడు.

"నీ రెజ్యూమే ఎవడు చూస్తాడు తమ్ముడూ? ఫ్రెషర్‌వి. జావాలో ఆరేళ్ళు వేద్దాం. హైదరాబాద్‌లో మూడు, ఇక్కడ మూడు. రిఫరెన్సులు మనవాళ్ళే ఇస్తారు. ఫోన్ ఇంటర్వ్యూ మన సీనియర్ మాట్లాడతాడు, నువ్వు పక్కన కూర్చో చాలు."

నాకు అప్పుడు ఇరవై అయిదు నిండలేదు. ఆరేళ్ళ అనుభవం అంటే ఇంజనీరింగ్‌లో ఉండగానే ఉద్యోగం చేసినట్టు. ఆ లెక్క కుదరడం కోసం నా డిగ్రీ సంవత్సరాన్ని కూడా వెనక్కి జరిపారు. నేను ఏమీ అనలేదు. ఎవడో బలవంతపెట్టాడనీ, అమాయకుణ్ణనీ ఇక్కడ రాసుకోవచ్చు. అది నిజం కాదు. ఎకరన్నర గుర్తొచ్చింది, సరే అన్నాను. ఆ ఫోన్ ఇంటర్వ్యూలో నా పేరుతో ఇంకొకడు మాట్లాడుతుంటే, పక్కన కూర్చుని నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను. వాడు బాగా చెప్పాడు. నిజంగా ఆరేళ్ళ అనుభవం ఉన్నవాడు.

మే 8 ఆదివారం. ఎనభై ఎనిమిదో రోజు. ఆ మధ్యాహ్నం మా టీవీలో డాలస్, లాస్ ఏంజెలస్ లేకర్స్‌ని 122–86 తేడాతో చిత్తు చేసింది. వరుసగా రెండేళ్ళు ఛాంపియన్లయిన జట్టు నాలుగుకి నాలుగు మ్యాచ్‌లూ ఓడి ఇంటికి పోయింది. మర్నాడు సోమవారం పొద్దున నేను ప్లేనోలో ఒక పెద్ద ఆఫీసులో, మెడలో బ్యాడ్జీ వేసుకుని, ఆరేళ్ళ అనుభవమున్న మనిషిగా కూర్చున్నాను.

ఫోన్‌లో నాయనకి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "మీ అమ్మకి ఇస్తన్నా, చెప్పు" అన్నాడు.

*

ఆ నెల రోజులూ నాకు రెండు జీవితాలు. పగలు ఆఫీసులో ఏది అడుగుతారో అని భయం. అర్థంకాని కోడ్‌ని ఫోన్‌లో ఫోటో తీసి రాత్రి సీనియర్‌కి పంపించి, వాడు చెప్పింది పొద్దున నాది లాగా అప్పగించడం. సాయంత్రాలు మ్యాచ్‌లు. ఓక్లహోమా మీద మే 17న డిర్క్ 48 పాయింట్లు కొట్టాడు. అందులో 24 ఫ్రీ త్రోలు వేస్తే 24 పడ్డాయి. ఫ్రీ త్రో అంటే అందరూ ఆగి నిలబడి చూస్తుంటే ఒక్కడే విసరాలి. ఎవరూ అడ్డుండరు, ఎవరూ సాయం చెయ్యరు. నాకు ఆ ఇరవై నాలుగూ చూస్తుంటే ఈర్ష్య పుట్టింది. ఆట మీద కాదు, ఆ నిబ్బరం మీద. తన చెయ్యేమిటో తనకి తెలిసిన మనిషి నిబ్బరం అది.

అది ఊరికే రాలేదు. 2006లో ఫైనల్స్‌లో మియామీ మీద 2–0 ముందంజలో ఉండి, తర్వాత నాలుగు మ్యాచ్‌లూ ఓడిపోయారు. మూడో మ్యాచ్ చివర్లో సమం చెయ్యాల్సిన ఫ్రీ త్రో డిర్క్ తప్పాడు. మరుసటి ఏడు 82 మ్యాచ్‌లలో 67 గెలిచి, లీగ్‌లో అందరికంటే పైన నిలిచి, మొదటి రౌండ్‌లోనే ఎనిమిదో స్థానపు గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడారు. ఆ జట్టు కోచ్ ఎవరో కాదు, డాన్ నెల్సన్. డిర్క్‌ని డాలస్‌కి తెచ్చి, మొదటి ఏడాది ఎగతాళుల మధ్య కూడా ఆడిస్తూ వచ్చిన మనిషి. ఇతని బలహీనతలు ఆయన కంటే ఎవరికి తెలుసు? ఓడిన కొద్దిరోజులకి లీగ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు ఇచ్చారు. అది అందుకున్న మొదటి యూరప్ ఆటగాడు. ఆ తర్వాత గెష్విండ్నర్‌తో కలిసి ఆస్ట్రేలియా ఎడారుల్లోకి వెళ్ళిపోయి కొన్ని వారాలు తిరిగాడు. సాఫ్ట్ అన్న మాట ఇంకా గట్టిగా వినిపించసాగింది.

2011 ఫైనల్స్‌లో మళ్ళీ అదే మియామీ. ఈసారి లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ ముగ్గురూ ఒకే జట్టులో. మొదటి మ్యాచ్‌లోనే డిర్క్ ఎడమ చేతి మధ్యవేలి నరం తెగింది. రెండో మ్యాచ్‌లో ఏడు నిమిషాలుండగా 15 పాయింట్లు వెనకబడి, చివరికి 95–93తో గెలిచారు. ఆఖరి బుట్ట డిర్క్‌దే, దెబ్బతిన్న ఆ ఎడమ చేత్తోనే. నాలుగో మ్యాచ్ 101 డిగ్రీల జ్వరంతో ఆడి గెలిపించాడు. తర్వాత జేమ్స్, వేడ్ కెమెరాల ముందు దగ్గుతున్నట్టు నటించి నవ్వుకున్నారు.

జూన్ 10, శుక్రవారం. మధ్యాహ్నం మూడింటికి మేనేజర్ నన్ను గదిలోకి పిలిచింది. నెమ్మదస్తురాలు, నన్ను ఎప్పుడూ కసురుకోలేదు. వైట్‌బోర్డు మీద చిన్న సమస్య రాసి, నా రెజ్యూమేలో ఉన్న ఫలానా ప్రాజెక్టులో దీన్ని ఎలా పరిష్కరించారో చెప్పమంది. మార్కర్ తీసుకున్నాను. బోర్డు దాకా చెయ్యి లేచింది. అక్కడ ఆగిపోయింది.

ఆమె రెండు నిమిషాలు చూసింది. తర్వాత చాలా మర్యాదగా, "ఫోన్‌లో మాట్లాడింది మీరేనా?" అని అడిగింది.

కాదు అన్నాను.

బ్యాడ్జీ తీసేసుకున్నారు. కన్సల్టెన్సీ అన్న ఫోన్‌లో ఒక పూట తిట్టి, ఆనక "ఏం కాదులే, ఇంకో క్లయింట్ చూద్దాం, ఈసారి ఎనిమిదేళ్ళు వేద్దాం" అన్నాడు. గదికొచ్చి క్యాలెండర్ చూశాను. ఎనభై ఎనిమిది వాడేశాను. ఇంకా మిగిలింది రెండు రోజులు. శనివారం, ఆదివారం.

*

జూన్ 12, ఆదివారం సాయంత్రం ఆరో మ్యాచ్. మా హాల్లో ఎనిమిదిమందిమీ కాక పక్క అపార్ట్‌మెంట్ల వాళ్ళు కూడా వచ్చారు. ఎవరికీ నా సంగతి చెప్పలేదు.

మొదటి సగంలో డిర్క్ 12 విసిరితే ఒక్కటి పడింది. మావాళ్ళు టీవీ మీదికి చెప్పులు విసరడం ఒక్కటే తక్కువ. "అయిపోయిందిరా, 2006 మళ్ళీ వచ్చింది" అన్నాడు నరసరావుపేట కుర్రాడు. కానీ మిగతావాళ్ళు మోశారు. జేసన్ టెర్రీ 27 కొట్టాడు. అందరికంటే పొట్టివాడు బరేయా సందుల్లోంచి దూరిపోయాడు. రెండో సగంలో డిర్క్ చెయ్యి తిరిగింది. 105–95. డాలస్ చరిత్రలో మొదటి టైటిల్.

ఆఖరి సెకన్లు ఇంకా పూర్తిగా అయిపోకముందే ఒక వింత జరిగింది. అందరూ ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటే ఈ మనిషి స్కోరర్ల బల్ల మీంచి దాటి లోపలికి వెళ్ళిపోయాడు. పదమూడేళ్ళు ఎదురుచూసింది చేతికొచ్చిన నిమిషానికి కెమెరాలకి మొహం చూపించలేక డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని ఏడ్చాడట. కప్పు తీసుకోవడానికి రమ్మని బతిమాలి బయటికి తెచ్చారు.

బయట ఇర్వింగ్ రోడ్ల మీద కార్ల హారన్లు. మావాళ్ళు కూడా కారేసుకుని డౌన్‌టౌన్ వైపు పోయారు. నేను బాల్కనీలో కూర్చుని కాలింగ్ కార్డు గీకాను. మా ఊళ్ళో సోమవారం పొద్దున ఎనిమిదిన్నర.

"ఏంరా అబ్బయ్యా, ఆడ రాత్రి గదా? నిద్ర పోలా?"

చెప్పేశాను. ఆరేళ్ళు, ఇంకొకడి గొంతు, వైట్‌బోర్డు, రెండు రోజులు, అన్నీ. నాయనకి వీసా, ఓపీటీ అర్థం కావు. కానీ దొంగ రెజ్యూమే అర్థమైంది. చాలాసేపు ఊపిరి మాత్రం వినపడింది. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయి.

"నీకెప్పుడూ చెప్పలా," అన్నాడు. "నేను పొదిలి కాడ ఒక టోర్నమెంటు ఆడినా. నీ అంత వయసప్పుడు. వేరే ఊరోళ్ళు తీసకపొయ్యారు, వాళ్ళ షాట్ మనిషికి జరమొచ్చిందని. బయటోళ్ళని ఆడనియ్యరు గదా. అందుకని వాడి పేరు పెట్టుకొని ఆడినా. ఫైనల్లో నేను కొట్టినయ్యే ఎక్కువ. గెలిచినాం. కప్పు ఇచ్చేటప్పుడు మైకులో పిలిచారు. నేను లేచి నిలబడ్డా. నా పేరు గాదు. వాడి పేరు. అందరూ చప్పట్లు కొడతన్నారు, నేను పొయ్యి తీసుకోవాల. కాళ్ళు రాలా."

"మరేం చేశావు నాయనా?"

"ఏంజేస్తా. పొయ్యి తీసుకున్నా. నూటపదార్లు ఇచ్చారు. మీ తాతకి గూడా చెప్పలా, యాడియని అడుగుతాడని."

కొంచెం ఆగి, "పొలం సంగతి నేను జూసుకుంటా. వడ్డీ ఆయనతో మాట్లాడతా. నువ్వేం మనసులో పెట్టుకోబాక" అన్నాడు. ఆ తర్వాత ఈ ఏడు సాగర్‌లో నీళ్ళెట్టుండాయో, కాలవ ఎప్పుడు వదుల్తారో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మధ్యలోనే కార్డు అయిపోయింది.

రాత్రి పదకొండుకి మా పాత ప్రొఫెసర్‌కి ఒక మెయిల్ రాశాను, ఏమీ దాచకుండా. సోమవారం పొద్దున ఎనిమిదికి జవాబు కోసం చూడకుండా ఆయన గది తలుపు ముందు నిలబడ్డాను. ఆయన ఆ మెయిల్ నా ఎదురుగానే తెరిచి చదివాడు. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, ల్యాబులో పాత విద్యార్థులు వదిలేసిన కోడ్ కుప్ప ఉంది, జీతం లేదు, చేస్తావా అన్నాడు. వారానికి 20 గంటలకి తక్కువ కాకుండా చదువుకి సంబంధించిన పని చేస్తే, జీతం లేకపోయినా అప్పటి నిబంధనలు దాన్ని ఉద్యోగంగానే లెక్కేసేవి. ఆ వేసవంతా ఎవరో రాసిన తప్పులు దిద్దుతూ గడిపాను. ఆరేళ్ళు వచ్చినట్టు నటించినదాంట్లో ఆరు నెలలదైనా నిజంగా నేర్చుకున్నది అక్కడే. సెప్టెంబర్‌లో ఒక చిన్న కంపెనీలో గంటకి 18 డాలర్ల టెస్టింగ్ పని దొరికింది. రెజ్యూమేలో అనుభవం దగ్గర "మూడు నెలలు, జీతం లేకుండా" అని ఉంది.

*

ఈ కథని డిర్క్ స్ఫూర్తితో నేను బాగుపడ్డాను అని ముగిస్తే తేలిగ్గా ఉంటుంది. అట్లా జరగలేదు. నేను ఆఫీసులో పట్టుబడ్డాను, అంతే. ఆ మేనేజర్ ఆ ప్రశ్న అడగకపోతే ఇంకో ఏడాది అట్లాగే నడిచేదేమో. నాతో ఉన్నవాళ్ళలో అదే దారిలో వెళ్ళి, తర్వాత రాత్రింబవళ్ళు పని నేర్చుకుని, ఈ రోజు నా కంటే పెద్ద స్థాయిలో ఉన్నవాళ్ళున్నారు. వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు, నేనూ ఆ బిర్యానీ తిన్నవాణ్ణే.

ఆలోచిస్తే నాకు వేరే సంగతి అర్థమైంది. నిరూపించుకోవడం అంటే ఒంటరి మనిషి పట్టుదల అనుకుంటాం. కానీ డిర్క్‌కి పదమూడేళ్ళు దొరికాయి. మొదటి ఏడాది 8 పాయింట్లు కొట్టినవాణ్ణి ఇంటికి పంపకుండా రెండో ఏడాది ఆడనిచ్చారు, అప్పుడు 17.5 కొట్టాడు. 2006 తర్వాత, 2007 తర్వాత కూడా ఆ ఊరు అతన్ని ఉంచుకుంది. బదులుగా అతను 21 సీజన్లు ఒకే జట్టుకి ఆడాడు. ఒకే జట్టుకి అన్ని సీజన్లు ఆడినవాళ్ళు ఎన్‌బీఏలో వేరే లేరు. మాకు దొరికేది తొంభై రోజులు. తొంభై రోజుల్లో ఎవరూ ఏమీ నిరూపించుకోలేరు. నటించగలరు. మమ్మల్ని అబద్ధాలకోరులు అనేవాళ్ళు ఆ గడియారం సంగతి కూడా చెప్పాలి. అట్లాగే, గడియారం వల్లే అబద్ధమాడాను అని నేను చెప్పుకుంటే, మార్కర్ పట్టుకుని ఆగిపోయిన నా చెయ్యి ఒప్పుకోదు.

ఆ ఎదురుచూసే ఓపిక ఎప్పుడూ ఉంటుందనీ కాదు. డిర్క్ తర్వాత స్లొవేనియా నుంచి వచ్చిన లూకా డాన్సిచ్‌ని అదే డాలస్, 2025 ఫిబ్రవరిలో ఒక రాత్రికి రాత్రి లాస్ ఏంజెలస్‌కి ఇచ్చేసింది. అభిమానులు స్టేడియం బయటున్న డిర్క్ విగ్రహం దగ్గరికి చేరి ఏడ్చారు, తిట్టారు. అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేసి చాలా ఏళ్ళయింది. నరసరావుపేట కుర్రాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, ఆ జనం మధ్యలోంచి వీడియో పంపాడు. "మన అన్న మటుకు ఇక్కడే ఉన్నాడ్రా" అని, కంచు విగ్రహాన్ని చూపిస్తూ.

2019 ఏప్రిల్‌లో డిర్క్ ఆడటం మానేశాడు. సొంత ఊళ్ళో ఆఖరి మ్యాచ్‌లో, సరిగా పరిగెత్తలేని కాళ్ళతో, 30 పాయింట్లు కొట్టాడు. ఆ వారం నేను మా ఊళ్ళో ఉన్నాను. నాయన మోకాళ్ళు అప్పటికే బిగుసుకుపోయాయి, కర్ర లేకుండా అరుగు దిగడం లేదు. అరుగు మీద పక్కన కూర్చుని ఫోన్‌లో ఆ మ్యాచ్ ముక్కలు చూపించాను. ఆ రాత్రి నేను ఫోన్ చేసింది ఇతను గెలిచిన రోజే అని చెప్పాను. నాయన ఫోన్‌ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ వేసే ఆ షాట్‌ని మూడుసార్లు మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాడు.

"వీణ్ణి ఏమన్నారంటివి?"

"సాఫ్ట్ అన్నారు నాయనా. మెతక అని."

"మెతకేరా," అన్నాడు. "చెయ్యి చూడు. బంతి రింగుకి తగిలినా సప్పుడు రావడంల్యా. ఇది షాట్ కొట్టే చెయ్యి గాదు, లిఫ్ట్ ఇచ్చే చెయ్యి."

ఫోన్ నాకిచ్చేసి, కాసేపు బడి వెనక ఖాళీ స్థలం వైపు చూశాడు. ఇప్పుడక్కడ వాసాలు లేవు, నెట్ లేదు, ఎవరో ఎండు మిరపకాయలు ఆరబోశారు.

"నిన్ను లిఫ్ట్‌లో ఆడించాల్సింది," అన్నాడు.